పాత కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెడితే ర్యామ్ నిజంగా పెరుగుతుందా? (దేవరకొండ, జిరాక్స్ షాపు మెషిన్)

దేవరకొండ జిరాక్స్:

అన్నలకు, అక్కలకు నమస్తే. దేవరకొండలో నాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ షాపు ఉంది. షాపులో ఉన్నది ఒకటే కంప్యూటర్, 2011లో అసెంబుల్ చేయించింది. పెంటియం డ్యూయల్ కోర్ ఈ5700, జీ41 బోర్డు, 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్. మొదట్లో విండోస్ 7 ఉండేది, తర్వాత ఒకతను విండోస్ 10 వేసి ఇచ్చాడు, 32 బిట్. అప్పటి నుంచి మెషిన్ సతాయిస్తూనే ఉంది. పొద్దున షట్టర్ ఎత్తి స్విచ్ నొక్కి, షాపు ఊడ్చి, దేవుడి పటానికి అగరుబత్తి పెట్టి వచ్చి కూర్చున్నా ఇంకా డెస్క్‌టాప్ బొమ్మలు ఒక్కొక్కటే వస్తుంటాయి. దగ్గర దగ్గర నాలుగు నిమిషాలు.

మొన్న దోస్త్ (డిగ్రీ కాలేజీ సీట్ల ఆన్‌లైన్) రిజిస్ట్రేషన్‌కు తండా నుంచి ఒక అమ్మ కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, పిల్లవాడు అంకెలు చదువుతున్నాడు, నేను కొడుతుంటే తెర మొత్తం తెల్లగా అయిపోయి నీలం చక్రం తిరుగుతూ నిలబడిపోయింది. పేజీ మళ్ళీ వచ్చేసరికి ఓటీపీ టైం అయిపోయింది. ఇట్లా మూడుసార్లు. ఆమె కొంగు ముడి విప్పి నోట్లు చేతిలో పట్టుకొని అట్లనే నిలబడి ఉంది, ఆ రోజు కూలి పోగొట్టుకొని వచ్చింది. చివరకు నేనే వాళ్ళను వేరే షాపుకు తీసుకెళ్ళి కూర్చోబెట్టి వచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు విషయం ఇది. పెన్‌డ్రైవ్‌ను 8 జీబీ ర్యామ్‌గా మార్చుకోవచ్చని ఒక వీడియో చూశాను. నా దగ్గర 16 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో రెడీబూస్ట్ అనే ట్యాబ్‌లోకి వెళ్ళి 4 జీబీ ఇచ్చాను. రెండు రోజులైంది, తేడా ఏమీ కనబడలేదు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ఇప్పటికీ 2 జీబీ అనే చూపిస్తోంది. నేనేమైనా తప్పు చేశానా? 16 జీబీ మొత్తం ఇచ్చేస్తే పని చేస్తుందా? ఇంకో భయం కూడా ఉంది, గిరాకీ వాళ్ళ పెన్‌డ్రైవ్‌లు నేను పొద్దంతా పెడుతూ తీస్తూ ఉంటాను, పొరపాటున దీన్ని లాగేస్తే విండోస్ పోతుందా? ఇంతకుముందు స్పీడ్ పెంచుతుందని ఇంకో వీడియో చూసి సర్వీసుల్లో సిస్‌మెయిన్ అనేదాన్ని ఆపేశాను, అది కూడా చెప్తున్నాను. తెలిసినవాళ్ళు జర దారి చూపించండి.

పాలమూరు రిపేర్:

తమ్మీ, ముందు నీ చివరి మాట నుంచి మొదలు పెడతాను, ఎందుకంటే సగం జవాబు అక్కడే ఉంది. రెడీబూస్ట్‌ను నడిపేదే ఆ సిస్‌మెయిన్ సర్వీసు, విండోస్ విస్టా, విండోస్ 7 నడిచిన కాలంలో దాన్నే సూపర్‌ఫెచ్ అనేవాళ్ళు. దాన్ని ఆపేసి పెన్‌డ్రైవ్ పెట్టడం అంటే మోటారు తీసేసి పైపు వేసినట్టే. నీ పెన్‌డ్రైవ్‌లో రెడీబూస్ట్ పేరుతో ఒక పెద్ద ఫైల్ కూర్చొని ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు.

ఇక అసలు సంగతి. పెన్‌డ్రైవ్ ర్యామ్ కాదు, ఎప్పటికీ కాలేదు. టాస్క్ మేనేజర్ 2 జీబీ చూపించడం కరెక్టే, నువ్వు ఎనిమిది పెన్‌డ్రైవ్‌లు గుచ్చినా 2 జీబీయే చూపిస్తుంది. ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు ఒక ముక్క అందడానికి సెకనులో కోటో వంతు టైం పడుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి అయితే సెకనులో వెయ్యో వంతు. నీ హార్డ్ డిస్క్ నుంచి అయితే దాని సూది జరిగి, పళ్ళెం తిరిగి, ఆ చోటు వచ్చేదాకా ఆగాలి కాబట్టి సుమారు వందో వంతు. కోటి, వెయ్యి, వంద, ఈ మూడు అంకెలు గుర్తు పెట్టుకుంటే రెడీబూస్ట్ ఏం చేయగలదో, ఏం చేయలేదో నీకే అర్థమవుతుంది. అది ర్యామ్ దగ్గరికి ఏ రోజూ రాలేదు, కానీ చిన్న చిన్న ముక్కలు అక్కడక్కడ దేవులాడే పనిలో హార్డ్ డిస్క్ కంటే ముందుంటుంది. అందుకే విండోస్ ఏం చేస్తుందంటే, హార్డ్ డిస్క్ నుంచి పదే పదే కావాల్సి వచ్చే చిన్న ముక్కలకు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకుంటుంది, వాటిని అడిగినప్పుడు అక్కడి నుంచి ఇస్తుంది. పెద్ద ఫైల్ వరుసగా చదవాల్సి వస్తే మాత్రం పెన్‌డ్రైవ్‌ను పక్కన పెట్టి హార్డ్ డిస్క్ నుంచే తెస్తుంది, ఎందుకంటే వరుసగా చదవడంలో యూఎస్‌బీ 2 కంటే పాత హార్డ్ డిస్కే నయం.

లాగేస్తే ఏమవుతుందని భయపడకు. పెన్‌డ్రైవ్‌లో ఉండేది కాపీ మాత్రమే, అసలు సరుకు హార్డ్ డిస్క్ మీదే ఉంటుంది. లాగేసిన క్షణం నుంచి మళ్ళీ డిస్క్ నుంచి చదువుకుంటుంది, అంతే. ఆ కాపీని ఏఈఎస్ 128 బిట్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది, కాబట్టి ఎవరైనా పట్టుకుపోయినా నీ ఫైళ్ళు చదవలేరు.

సైజు విషయానికి వస్తే, ర్యామ్ ఎంతుందో అంత నుంచి దానికి రెండున్నర రెట్ల వరకు ఇస్తే చాలని మైక్రోసాఫ్టే చెప్పింది. నీకు 2 జీబీ కాబట్టి నువ్వు ఇచ్చిన 4 జీబీ సరిపోతుంది, 16 ఇచ్చినా ఉపయోగం లేదు. పెన్‌డ్రైవ్‌ను వెనుక బోర్డుకు ఉన్న పోర్టులో పెట్టు. ముందున్నవి సన్నటి వైరుతో వస్తాయి, పాత క్యాబినెట్లలో ఆ వైరు లూజు అయి ఉంటుంది, పైగా గిరాకీ వాళ్ళవి పెట్టడానికి అవి కావాలి కదా.

ఇదంతా చెప్పినా, నా అనుమానం వేరే. 2 జీబీ మీద విండోస్ 10 నెమ్మదిగానే ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ డెస్క్‌టాప్‌కు నాలుగు నిమిషాలు అంటే అది ఒక్క ర్యామ్ తక్కువై వచ్చే జబ్బు కాదు. ఒక పని చెయ్యి. మెషిన్ ఆన్ చేసి పది నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా వదిలెయ్యి, తర్వాత టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ తెరిచి డిస్క్ చూడు. నువ్వు ఏమీ చేయకపోయినా 100 శాతం మీదే ఉందంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకొని తెరువు. అందులో పైన నీలం రంగులో గుడ్ అని ఉందా, పసుపు రంగులో కాషన్ అని ఉందా చూసి, కింద వరుసల్లో 05, సీ5 నంబర్ల ఎదురుగా ఏముందో ఇక్కడ రాయి. సున్నాలు తప్ప ఇంకేదైనా ఉంటే ఆ డిస్క్‌ను నమ్మొద్దు.

మిర్యాలగూడ మిల్లు లెక్కలు:

రెడీబూస్ట్ ఉత్తదే అని ఈ మధ్య అందరూ కొట్టిపారేస్తున్నారు, పైన అన్న అట్లా అనలేదు, సంతోషం. నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా ఆఫీసులో 2008లో విస్టా ఉన్న మెషిన్ ఉండేది, 512 ఎంబీ ర్యామ్. వడ్లు దిగే సీజన్‌లో రాత్రి పదకొండు దాకా ట్యాలీలో బిల్లులు కొట్టాలి, బయట ట్రాక్టర్లు లైన్ కట్టి ఉంటాయి, ఒక్క లెడ్జర్ తెరవడానికి ఆ మెషిన్ ఊపిరి ఆడనట్టు చేసేది. అప్పుడు 2 జీబీ పెన్‌డ్రైవ్ కొని రెడీబూస్ట్‌కు ఇచ్చాం. మొదటిసారి తెరిచినప్పుడు తేడా లేదు, రెండు మూడు రోజులు అదే పని చేయించాక మాత్రం ట్యాలీ తొందరగా రావడం మొదలైంది. మాకు నిజంగా ఉపయోగపడింది, కాదని అనలేను.

కాకపోతే ఒక లెక్క ఉంది, అది నాకు తర్వాత తెలిసింది. విస్టా వచ్చిన కొత్తలో ఆనంద్‌టెక్ అనే వెబ్‌సైట్ వాళ్ళు పరీక్ష చేశారు. 512 ఎంబీ ర్యామ్ ఉన్న మెషిన్‌లో 11.7 సెకన్లు పట్టే ఒక పని రెడీబూస్ట్‌తో 2 సెకన్లకు దిగింది. అదే మెషిన్‌లో పెన్‌డ్రైవ్ లేకుండా ర్యామ్‌ను 1 జీబీ చేస్తే 0.8 సెకన్లకు వచ్చింది. మేము పెన్‌డ్రైవ్‌కు పెట్టిన డబ్బులకు ఇంకొంచెం వేసి ర్యామే కొని ఉంటే ఆ రెండు సీజన్లు ఎంత సుఖంగా ఉండేదో అనుకుంటాను.

ఇంకో మాట, ఇది మా ఆఫీసులో జరిగింది, మీకు జరగకూడదని చెప్తున్నాను. ఆ పెన్‌డ్రైవ్‌లో సగం రెడీబూస్ట్‌కు ఇచ్చి మిగిలిన సగంలో నేను ట్యాలీ బ్యాకప్ పెట్టుకున్నాను. రెండేళ్ళు రాత్రింబవళ్ళు అది పోర్టులోనే ఉంది, ముట్టుకుంటే వేడిగా తగిలేది. ఒక రోజు పొద్దున పెన్‌డ్రైవ్ కనబడటం మానేసింది. విండోస్‌కు ఏమీ కాలేదు, రెడీబూస్ట్ పోయింది కాబట్టి జర నెమ్మదించింది, అంతే. కానీ నా బ్యాకప్ పోయింది. అసలు డేటా మెషిన్‌లో ఉంది కాబట్టి బతికిపోయాను. రెడీబూస్ట్‌కు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఇంకేదీ పెట్టకండి, అది అరిగిపోయే పని చేస్తోందని గుర్తుంచుకోండి.

వనపర్తి ల్యాబ్:

నేను డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను. ఆ వీడియోల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మా పిల్లలు కూడా చూసి వచ్చి అడుగుతుంటారు. కొన్నింటిలో రెడీబూస్ట్ చూపించి ర్యామ్ పెరిగిందంటారు. ఇంకొన్నింటిలో వర్చువల్ మెమరీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే పేజ్‌ఫైల్‌ను పెన్‌డ్రైవ్ మీదికి మార్చమంటారు. ఈ రెండూ వేరు వేరు. విండోస్ మామూలుగా పెన్‌డ్రైవ్ మీద పేజ్‌ఫైల్ పెట్టనివ్వదు, అది మన మంచికే. రెడీబూస్ట్‌లో ఉన్నది కాపీ కాబట్టి లాగినా ఫరవాలేదు, పేజ్‌ఫైల్‌లో ఉండేది మాత్రం కాపీ కాదు, నడుస్తున్న ప్రోగ్రామ్‌లో ఒక ముక్క. దాన్ని ఏదో అడ్డదారిలో పెన్‌డ్రైవ్ మీద పెట్టి, ఎవరైనా లాగేస్తే మెషిన్ అక్కడికక్కడే పడిపోతుంది. అటువైపు పోకండి అన్నా.

మా ల్యాబ్‌లో 2 జీబీ మెషిన్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో కొన్నింటికి తేలికైన లినక్స్ వేశాను, లినక్స్ మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ అనే రకం. అందులో జెడ్‌ర్యామ్ అని ఒకటి పెట్టుకోవచ్చు, ర్యామ్‌లో వాడకుండా పడి ఉన్న ముక్కలను ర్యామ్‌లోనే కుదించి ఒక మూల పెడుతుంది, డిస్క్ దాకా పోనివ్వదు. 2 జీబీలోనే ఇంకొంచెం జాగా దొరుకుతుందన్నమాట. పిల్లలు పైథాన్ రాసుకుంటారు, బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరుస్తారు, నడుస్తోంది. కానీ అన్నా, మీ పని వేరు. వేలిముద్ర మెషిన్లు, డిజిటల్ సంతకాల డాంగిల్స్, కొన్ని ప్రింటర్ల డ్రైవర్లు విండోస్‌కే ఉంటాయి. కాబట్టి షాపు మెషిన్ మీద లినక్స్ వేసెయ్యమని నేను చెప్పను. కావాలంటే పెన్‌డ్రైవ్‌లో మింట్ వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే బూట్ చేసి ఒక పూట చూడండి. హార్డ్ డిస్క్ తీసేసినా అది నడుస్తుంది, మెషిన్‌లో జబ్బు ఎక్కడుందో మీకు అప్పుడే తెలిసిపోతుంది.

ఆ 16 జీబీ పెన్‌డ్రైవ్ నిజంగా 16 జీబీయేనా అని కూడా చూడండి. సంతల్లో, ఆన్‌లైన్‌లో చాలా చవకగా వచ్చేవాటిలో లోపల చిన్న చిప్ పెట్టి పెద్ద సైజు చూపించేవి ఉన్నాయి, రాసింది రాసినట్టే పోతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న సాఫ్ట్‌వేర్ నిండా రాసి, తిరిగి చదివి నిజం చెప్తుంది. ముందు పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి పెట్టుకోండి.

దేవరకొండ జిరాక్స్:

అన్నా, మేడం, అందరికీ దండాలు. సిస్‌మెయిన్ మళ్ళీ ఆన్ చేశాను, పెన్‌డ్రైవ్ వెనుక పోర్టులోకి మార్చాను. రెండు రోజుల తర్వాత చూస్తే బ్రౌజర్ జర తొందరగా తెరుచుకుంటోంది, కానీ ఫారాలు నింపేటప్పుడు తెర తెల్లబడటం మాత్రం పోలేదు.

మేడం చెప్పినట్టు పెన్‌డ్రైవ్ నుంచి మింట్ బూట్ చేశాను. అదే మెషిన్, అదే 2 జీబీ, మొదట తెరుచుకోవడానికి కాస్త టైం పట్టినా తర్వాత ఎక్కడా తెర తెల్లబడలేదు. నేను నమ్మలేక హార్డ్ డిస్క్ వైరు పీకి మళ్ళీ చూశాను, అప్పుడూ బాగానే ఉంది. అప్పుడే బుగులు మొదలైంది.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పెట్టి చూశాను. పసుపు రంగులో కాషన్ అని వచ్చింది. 05 ఎదురుగా చివర్లో 1ఏ అని ఉంది, సీ5 ఎదురుగా 38 అని ఉంది. క్యాబినెట్ దగ్గర చెవి పెట్టి వింటే టిక్ టిక్ అని ఒక చప్పుడు, మధ్యలో ఆగి మళ్ళీ టిక్. ఇన్ని రోజులూ అది ఫ్యాన్ చప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ముందు ఏది కొనాలి, ర్యామా, హార్డ్ డిస్క్ బదులు పెట్టే ఎస్ఎస్‌డీనా? రెండూ ఒకేసారి అంటే నాకు జర కష్టం.

పాలమూరు రిపేర్:

ముందు ఏదీ కొనకు. ఇప్పుడే, ఈ పూటే, నీకు కావాల్సిన ఫైళ్ళు వేరే డిస్క్‌లోకి ఎక్కించు. ఫోటోలు, స్కాన్‌లు, బిల్లుల ఎక్సెల్, నీ డిజిటల్ సర్టిఫికెట్ ఫైల్ ఉంటే అది. ఒకే రోజు అన్నీ చేయాలని ఆ డిస్క్‌ను అదరగొట్టకు, ముఖ్యమైనవి ముందు, సినిమాలు చివరికి. ఏదైనా ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి తర్వాతి దానికి పో. ఆ నంబర్లు పదహారు లెక్కలో చూపిస్తుంది ఆ సాఫ్ట్‌వేర్, కాబట్టి 1ఏ అంటే 26, 38 అంటే 56. అంటే 26 చోట్లు ఇప్పటికే పాడైతే వేరే చోటికి మార్చుకుంది, ఇంకో 56 చోట్లు చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోంది. నీ తెర తెల్లబడేది ఆ ప్రయత్నంలోనే. అట్లా ఒక్క చోట ఇరుక్కుంటే విండోస్ మొత్తం దాని కోసం ఎదురు చూస్తూ నిలబడుతుంది, అప్పుడు నువ్వు ఓటీపీ కొట్టినా, ఎంటర్ నొక్కినా లోపలికి పోదు. ఆ తల్లి ముందు నీకు జరిగింది ఇదే.

కాబట్టి మొదట ఎస్ఎస్‌డీ. 240 లేదా 256 జీబీది చాలు, సాటా రకం, రెండున్నర అంగుళాలది. నీ జీ41 బోర్డులో ఉన్నది సాటా 2 పోర్టు, సెకనుకు 500 ఎంబీ అని అట్ట మీద రాసి ఉన్నా నీకు 250 దరిదాపుల్లోనే వస్తుంది. దానికి బాధపడకు, నీకు కావాల్సింది చిన్న ముక్కలు తొందరగా అందడం, అందులో అది నీ హార్డ్ డిస్క్‌ను ఎక్కడో వెనక వదిలేస్తుంది. పాడైన డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించే క్లోన్ చేయకు, కొత్తగా విండోస్ వేసుకో, 64 బిట్ వెయ్యి. నీ ఈ5700కి 64 బిట్ నడుస్తుంది, 32 బిట్ అయితే ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ లోపలే ఆగుతుంది, అందులోనూ మూడు జీబీ పైచిలుకే చేతికి వస్తుంది. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, విండోస్ 11 నీ ప్రాసెసర్‌ను అధికారికంగా ఒప్పుకోదు. అందుకని ఈ మెషిన్ మీద బ్యాంకు పనులు చేసేటప్పుడు జాగ్రత్త, పిచ్చి సాఫ్ట్‌వేర్లు దించకు, రెండేళ్ళలో కొత్తది కొనడానికి పక్కన డబ్బులు వేస్తూ ఉండు.

ఎస్ఎస్‌డీ పెట్టాక ర్యామ్. ఇక్కడ జీ41 వాళ్ళందరూ మోసపోయే చోటు ఉంది, జాగ్రత్తగా చదువు. నీ బోర్డులో ఒక్కో స్లాట్‌కు 4 జీబీ వరకే, అది కూడా అన్ని 4 జీబీ స్టిక్‌లూ నడవవు. ఒక్కో చిప్‌లో ఎక్కువ మెమరీ కుక్కిన కొత్తరకం చిప్‌లను నీ బోర్డు చిప్‌సెట్ గుర్తుపట్టదు. నీకు కావాల్సింది రెండు వైపులా ఎనిమిది ఎనిమిది, మొత్తం పదహారు నల్ల చిప్‌లు ఉన్న స్టిక్. దాని స్టిక్కర్ మీద 2ఆర్ఎక్స్8 అని ఉంటుంది. ఒక్క వైపే ఎనిమిది చిప్‌లు ఉండి 1ఆర్ఎక్స్8 అని ఉన్నది తీసుకుంటే డిస్‌ప్లే రాదు, బీప్ కొడుతుంది, నువ్వు బోర్డు పోయిందనుకుంటావు. ఏఎండీకి మాత్రమే అని అమ్మే చవక స్టిక్‌లు కూడా ఉన్నాయి, అవీ నీకు నడవవు. పాత స్టిక్ తీసి కాగితంలో చుట్టి వెంట తీసుకుపో, దానితో పక్కపక్కన పెట్టి చూస్తే గాడి ఒకే చోట ఉందో లేదో తెలుస్తుంది, డీడీఆర్2, డీడీఆర్3 అనే ర్యామ్ రకాలకు గాడి చోటు మారుతుంది. నల్లగొండలో దొరికితే సరే, లేదంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో దేవులాడితే పాతవి దొరుకుతాయి. నడవకపోతే మార్చి ఇస్తానని ముందే మాట తీసుకో.

స్టిక్ తీసేటప్పుడు ప్లగ్ పీకి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో ముట్టుకొని అప్పుడు పని మొదలు పెట్టు. బంగారు రంగు పళ్ళు నల్లబడి ఉంటే పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి పెట్టు. దుమ్ములో ఉండే మన షాపు మెషిన్లకు ఇది ఏడాదికోసారి చేయాల్సిందే.

మిర్యాలగూడ మిల్లు లెక్కలు:

ఎస్ఎస్‌డీ పెట్టాక ఆ రెడీబూస్ట్ ట్యాబ్ తెరిస్తే, ఈ కంప్యూటర్ ఇప్పటికే తగినంత వేగంగా ఉంది, దీనికి రెడీబూస్ట్‌తో ఇంకా లాభం ఉండదు అన్నట్టు వస్తుంది. ఏదో పాడైందని పరేషాన్ కాకండి. మా ఆఫీసులో మెషిన్ మార్చినప్పుడు అది చూసి నేను సగం రోజు సెట్టింగ్స్ తిరగేశాను. విండోస్ 11లో అయితే తర్వాత వచ్చిన అప్‌డేట్లలో ఆ ట్యాబే తీసేశారు.

దేవరకొండ జిరాక్స్:

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ఫైళ్ళు కాపీ చేయడానికే మూడు రాత్రులు పట్టింది, నలభై దాకా ఫోటోలు రాలేదు, మిగిలినవన్నీ దక్కాయి. ఆదివారం పొద్దుగాల మొదటి బస్సు ఎక్కితే ఆ రోజు సీటీసీ షట్టర్లు చాలావరకు మూసి ఉన్నాయి, అడిగి వెళ్ళకపోవడం నా తప్పు. మళ్ళీ మంగళవారం పోయాను. 256 జీబీ ఎస్ఎస్‌డీ కొత్తది, 4 జీబీ ర్యామ్ వాడినది దొరికాయి. అతను మొదట ఒక స్టిక్ తీసి ఇదే కావాల్సింది తీసుకో అన్నాడు, తిప్పి చూస్తే చిప్‌లు ఒక్క వైపే ఉన్నాయి. నాకు పదహారు చిప్‌లది కావాలి, జీ41 బోర్డు అన్నాను. నా వైపు ఒకసారి చూసి, లోపలి గదిలోకి పోయి ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టి నువ్వే ఏరుకో అన్నాడు. 2ఆర్ఎక్స్8 ఉన్నవి ఐదు దొరికాయి. పాలమూరు అన్నా, ఆ ఒక్క మాట నాకు ఇంకో బస్సు చార్జీ మిగిల్చింది.

పాత 2, కొత్త 4 కలిపి ఇప్పుడు 6 జీబీ చూపిస్తోంది. స్విచ్ నొక్కితే నలభై సెకన్లలో బ్రౌజర్ తెరవగలుగుతున్నాను, అగరుబత్తి వెలిగించేలోపే మెషిన్ రెడీ. నిన్న ఆ అమ్మ, కొడుకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి మళ్ళీ మా షాపుకే వచ్చారు. నేను రమ్మని ఫోన్ చేశాను, మొదటిసారి తిప్పి పంపిన బాధ నాకు అట్లనే ఉంది. పిల్లవాడు ఓటీపీ చెప్పాడు, కొట్టాను, పేజీ తెరుచుకుంది. కాలేజీలు పెట్టుకొని, సేవ్ చేసి, ప్రింట్ తీసి ఇచ్చేసరికి పావుగంట. నల్లగొండలో ఎన్జీ కాలేజీ మొదటి ఆప్షన్ పెట్టుకున్నాడు. డబ్బులు తీసుకోలేదు.

పెన్‌డ్రైవ్‌ను రెడీబూస్ట్ నుంచి తీసేయాలంటే ఊరికే ఫార్మాట్ చేస్తే చాలా? పాత హార్డ్ డిస్క్‌ను పాత సామాన్లవాళ్ళకు వేసేయొచ్చా?

వనపర్తి ల్యాబ్:

పెన్‌డ్రైవ్ ప్రాపర్టీస్‌లో రెడీబూస్ట్ ట్యాబ్‌లోకి వెళ్ళి ఈ డివైస్ వాడొద్దు అనేది ఎంచుకోండి, ఆ పెద్ద ఫైల్ దానంతట అదే పోతుంది. ఆ ట్యాబ్ ఇప్పుడు రాకపోతే ఫార్మాట్ చేసినా ఏమీ కాదు.

హార్డ్ డిస్క్ మాత్రం అట్లా ఇవ్వకండి అన్నా. పద్నాలుగేళ్ళు మీ ఊరివాళ్ళ ఆధార్‌లు, పాస్‌బుక్‌లు, పట్టా కాగితాలు మీరు దాని మీదే స్కాన్ చేశారు. డిలీట్ చేసినవి కూడా అందులో ఉంటాయి, పాడైన చోట్లు ఉన్న డిస్క్‌ను సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తుడవలేం కూడా. పైన ఉన్న స్క్రూలు నక్షత్రం ఆకారంలో ఉంటాయి, ఆ స్క్రూడ్రైవర్ లేకపోతే వెల్డింగ్ షాపులో ఇచ్చి డ్రిల్లుతో పళ్ళాల మీద మూడు నాలుగు చోట్ల ఆరపార బొక్కలు వేయించండి, మీరు దగ్గరే నిలబడి. కొన్ని డిస్కుల్లో పళ్ళాలు గాజువి ఉంటాయి, పగిలి ముక్కలు ఎగురుతాయి, కళ్ళద్దాలు పెట్టుకోమని అతనికి చెప్పండి. తర్వాత సామాన్లవాళ్ళకు వేసేయొచ్చు.